పాత గాజువాకను రెండు ముక్కలు చేయకుండా: ఆర్గ్యుమెంట్లను దేనితో విడదీయాలి?

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నర. విశాఖ సిరిపురంలో మా ఆఫీసు ఏసీ ఇంకా అందుకోలేదు. మా జూనియర్ కుర్రాడు, శ్రీకాకుళం అబ్బాయి, కుర్చీతో సహా నా వైపు జరిగి, "అన్నా, ఏటిది? 'పాత' అని ఒక షీటొచ్చింది, 'కొత్త' అని ఇంకోటి. ఆ పేర్లతో ఏరియాలున్నాయేటి?" అన్నాడు.

సరుకులు పంపిణీ చేసే ఒక క్లయింటు కోసం రాసిన చిన్న కమాండ్ లైన్ టూల్ అది. ఏరియాల పేర్లు ఇస్తే ఏరియాకొక డెలివరీ షీటు తీసి పెడుతుంది. శుక్రవారం దాకా మధురవాడ, కంచరపాలెం, అక్కయ్యపాలెం, ఇలా అన్నీ ఒక్క మాట పేర్లే. శనివారం పాత గాజువాక, కొత్త గాజువాక చేర్చారు. రాత్రి నడిచే స్క్రిప్టు ఆ రెండింటినీ పాత, గాజువాక, కొత్త, గాజువాక అని నాలుగు చేసింది. పేరులో ఆ మాట ఎక్కడున్నా పట్టుకునేలా నేను వెతుకులాట రాసి ఉండటంతో "గాజువాక" షీటులో రెండు చోట్ల ఆర్డర్లూ కలిసిపోయాయి. పైగా అది రెండుసార్లు ప్రింటయింది. రెండు వ్యాన్లు ఒకే జాబితా పట్టుకుని బయల్దేరాయి. పదిన్నరకి పాత గాజువాక జంక్షన్ నుంచి డ్రైవరు ఫోన్ చేశాడు: "సార్, ఈ ఇంటికి ఇప్పుడే ఇంకో బండి ఇచ్చెళ్ళిందంట."

తప్పు నాదే. స్క్రిప్టులో ఒక వేరియబుల్ చుట్టూ కోట్ గుర్తులు పెట్టలేదు. అయితే అక్కడ రెండు కోట్ గుర్తులు పెట్టేసి చేతులు దులుపుకుంటే వచ్చే నెల ఇంకోచోట తేలుతుంది. టూల్ తన ఆర్గ్యుమెంట్లను, అంటే కమాండ్ పేరు పక్కన మనం ఇచ్చే మాటలను, ఏ రూపంలో తీసుకోవాలన్నది నేను ఆలోచించి పెట్టింది కాదు, చేతికొచ్చినట్టు రాసేసింది. ఆ వారం కూర్చుని ఉన్న దారులన్నీ పోల్చి చూశాం. కమాండ్ పేర్లు, ఆప్షన్ పేర్లు (డ్యాష్‌లతో మొదలయ్యేవి) ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. గుర్తులు మాత్రం కీబోర్డు మీద ఉన్నవే.

ముక్కలు కోసేది ఎవరు?

దీని మీద స్పష్టత లేకుండా ఏ దారి ఎంచుకున్నా ఉపయోగం లేదు. లినక్స్, మ్యాక్ లాంటి యూనిక్స్ కుటుంబంలో మీరు టైపు చేసిన లైనును ముక్కలు చేసేది షెల్, అంటే మీరు కొట్టిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము. ప్రోగ్రాముకి చేరేది ముక్కల జాబితా. ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నల్‌కి వెళ్ళే ఎగ్జిక్‌వీఈ అనే పిలుపులో ప్రతి ఆర్గ్యుమెంటూ ఒక విడి స్ట్రింగ్, చివర నల్ బైటుతో (విలువ సున్నా అయిన బైటు) ముగుస్తుంది. మీరు మధ్యలో ఒక ఖాళీ వదిలారా, నాలుగు వదిలారా అన్నది ప్రోగ్రాముకి తెలిసే అవకాశమే లేదు. "పాత గాజువాక" అని కోట్స్‌లో పెడితే ఆ కోట్ గుర్తుల్ని కూడా షెల్లే తీసేసుకుని, లోపలి ఖాళీతో సహా ఒకే ముక్కగా అందిస్తుంది.

కాబట్టి హద్దులు గీసే పని మీ కన్నా ముందే అయిపోయింది. ఆ హద్దులు నిక్కచ్చివి కూడా, ఎందుకంటే నల్ బైటు ఆర్గ్యుమెంటు లోపల ఉండటానికి వీల్లేదు. మా స్క్రిప్టు చేసిన పనేమిటంటే, చక్కగా విడిగా ఉన్న పేర్లను ఒక వేరియబుల్‌లో ఖాళీలతో అతికించి, మళ్ళీ విడదీయమని బ్యాష్ అనే షెల్‌కి ఇవ్వడం. కోట్స్ లేని వేరియబుల్‌ని బ్యాష్ స్పేసు, ట్యాబు, కొత్త లైను, ఈ మూడింటి దగ్గరా కోస్తుంది. ఐఎఫ్ఎస్ అనే వేరియబుల్‌లో మొదట ఉండేవి అవే. మ్యాక్‌లో ఉండే జడ్‌షెల్ మామూలుగా ఇలా కోయదు. అందుకే మ్యాక్ మీద నా దగ్గర బాగా నడిచిన లైను సర్వర్ మీద బ్యాష్‌లో చెడింది. "నా మెషీన్లో బాగానే ఉందే" అనే పాత పాట నేను కూడా పాడాను.

దీని తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒకసారి విడిగా వచ్చినదాన్ని కలపొద్దు. కలపక తప్పకపోతే, డేటాలో ఎప్పటికీ రాని గుర్తుతోనే కలపాలి. కింది పోలికలన్నీ ఈ తూకంతోనే.

ఒకే ఆప్షన్‌కి పది విలువలు ఇవ్వాలంటే

కామా దగ్గర మొదలుపెడతాను. అందరికీ మొదట తట్టేది అదే.

షీట్లు --ఏరియా మధురవాడ,కంచరపాలెం,భీమిలి

పొట్టిగా ఉంటుంది, చూడగానే అర్థమవుతుంది. యూనిక్స్ కుటుంబానికి ప్రమాణమైన పోసిక్స్ మార్గదర్శకాలు కూడా ఒకే ఆర్గ్యుమెంటులో పలు విలువలు ఇవ్వాల్సినప్పుడు కామా గానీ ఖాళీ గానీ వాడమంటాయి. ఇబ్బంది మన చేతి అలవాటుతో వస్తుంది. కామా తర్వాత ఖాళీ వదలడం మనకు బడిలోనే అలవాటు చేశారు. ఆపరేటరు "మధురవాడ, కంచరపాలెం" అని కొట్టగానే షెల్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క చివర కామా వేలాడుతుంది, రెండోది ఎవరికీ చెందని ఆర్గ్యుమెంటుగా పడి ఉంటుంది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది, కామా మన డేటాలోనే ఉంటుంది. లక్షా పాతిక వేలను మనం 1,25,000 అని రాస్తాం. క్రెడిట్ పరిమితి ఆప్షన్‌కి మా అకౌంటెంటు గారు అలాగే కొట్టారు. కామా దగ్గర కోసే టూల్‌కి అది 1, 25, 000 అనే మూడు సంఖ్యలు. చిరునామాల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఫ్లాటు నంబరు, అపార్ట్‌మెంటు, వీధి, కాలనీ, అన్నీ కామాలే. "అయితే లోపలి కామా ముందు బ్యాక్‌స్లాష్ పెట్టమందాం" అనుకుంటారు. అప్పుడు బ్యాక్‌స్లాష్‌కి ఏం చేయాలి? షెల్ కూడా బ్యాక్‌స్లాష్‌ని తినేస్తుంది కాబట్టి ఎన్ని పెట్టాలి? ఈ దారిలో నడిస్తే చివరికి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఫైలు) చదివే పార్సర్ రాసుకోవడం దగ్గర తేలతారు. ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ వాళ్ళ --మౌంట్ ఆప్షన్ నిజంగానే తన విలువను సీఎస్‌వీలా చదువుతుంది.

విలువలన్నీ మీరు నిర్ణయించిన పదాలే అయినప్పుడు మాత్రం కామాకి తిరుగులేదు. కాలమ్ పేర్లు, ఫార్మాట్లు, పోర్టు నంబర్లు, ఏరియా కోడ్లు. యూజరు కొత్త పదం పుట్టించే వీలు లేని చోట కామా వాడండి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, డబ్బు మొత్తాలు, ఫైలు పేర్లు వచ్చే చోట వద్దు.

రెండో దారి, ఆప్షన్ వెనకాల ఖాళీలతో వరసగా ఇచ్చుకుంటూ పోవడం. ఆర్గ్యుమెంట్లు చదివే పైథాన్ లైబ్రరీ ఆర్గ్‌పార్స్‌లో ఎన్‌ఆర్గ్స్‌కి ప్లస్ గుర్తు ఇస్తే వచ్చేది ఇదే. మా టూల్‌లో ఉన్నది కూడా ఇదే.

షీట్లు --ఏరియా మధురవాడ భీమిలి ఆర్డర్లు.సీఎస్‌వీ

ఇందులో ఆర్డర్ల ఫైలు ఏది, ఏరియా ఏది? మనిషికి తెలుస్తుంది. ఆర్గ్‌పార్స్‌కి తెలియదు. మూడింటినీ ఏరియాలుగా మింగేసి, ఫైలు ఇవ్వలేదని గొడవ పెడుతుంది. ఫైలును ముందుకు జరిపితే సర్దుకుంటుంది గానీ, ఆప్షన్ల వరస మారితే చెడే టూల్‌ని రాత్రి రెండింటికి నడిచే స్క్రిప్టులో నమ్మలేం. ఈ పద్ధతి ఆప్షన్‌కి కాక ఫైలు పేర్ల జాబితాకి బాగా నప్పుతుంది. *.పీడీఎఫ్ అని కొడితే షెల్ ఆ నక్షత్రాన్ని విప్పి ఫైలుకొక ఆర్గ్యుమెంటు చొప్పున ఇస్తుంది. పేర్లలో ఖాళీలున్నా అలా విప్పి వచ్చినవి మళ్ళీ ముక్కలు కావు. అందుకని ఒక టూల్‌కి అలాంటి జాబితా ఒక్కటే పెట్టండి, అదీ చివర.

మూడోది, ఇప్పుడు మేం వాడుతున్నది, ఆప్షన్‌నే మళ్ళీ మళ్ళీ ఇవ్వడం.

షీట్లు --ఏరియా "పాత గాజువాక" --ఏరియా "కొత్త గాజువాక" --ఏరియా మధురవాడ

చాంతాడంత పొడుగవుతుందని మా వాళ్ళే మొహం చిట్లించారు. నిజమే. కానీ దీనికి విడదీసే గుర్తే లేదు. షెల్ గీసిన హద్దులే హద్దులు. పేరులో ఖాళీ ఉన్నా, కామా ఉన్నా, స్లాష్ ఉన్నా టూల్‌కి పట్టదు, బ్యాక్‌స్లాష్ లాంటి ఎస్కేప్ నియమాలు ఎవరికీ నేర్పక్కర్లేదు. వెబ్ నుంచి తెచ్చే కర్ల్‌లో హెడర్లు ఇచ్చేదీ, టెక్స్టులో వెతికే గ్రెప్‌లో రెండు మూడు నమూనాలు ఇచ్చేదీ, డాకర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఇచ్చేదీ ఇలాగే. పొడుగు గురించి బాధపడాల్సింది చేత్తో కొట్టేవాళ్ళు. మా టూల్‌ని తొంభై పాళ్ళు కొట్టేది స్క్రిప్టు. బ్యాష్‌లో పేర్లను మామూలు వేరియబుల్‌లో కాక అరేలో పెట్టుకుని, దాన్ని కోట్స్‌లో ఎట్ గుర్తుతో విప్పితే ప్రతి పేరూ తన ముక్కగానే వెళుతుంది. అదే చోట నక్షత్రం పెట్టి కోట్స్‌లో విప్పారంటే అన్నీ అతుక్కుని ఒకటే ముక్కవుతాయి. చూడ్డానికి ఒక్క గుర్తు తేడా, పదిసార్లు చూసినా కళ్ళు దాటేస్తాయి.

ఆర్గ్‌పార్స్‌తో ఇది చేసేవాళ్ళకి ఒక గుంట ఉంది. దీనికి వాడే అపెండ్ అనే పద్ధతికి మీరు ముందుగా ఒక డిఫాల్ట్ జాబితా ఇస్తే, యూజరు ఇచ్చినవి దాని స్థానంలో రావు, దానికి వెనక చేరతాయి. డిఫాల్ట్‌గా మధురవాడ పెట్టి "భీమిలి ఒక్కటే ఇచ్చాను కదా, మధురవాడ షీటెందుకొచ్చింది" అని ఒక మధ్యాహ్నమంతా వెతికాం. డిఫాల్ట్‌ని ఖాళీగా వదిలి, పార్స్ అయ్యాక చూసి నింపుకోవడం మేలు.

కోలన్, సెమీకోలన్ గురించి ఎక్కువ చెప్పను. కొత్త టూల్‌కి వాటిని ఎంచుకోవద్దు. ప్రోగ్రాముల కోసం ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ యూనిక్స్‌లో కోలన్‌తో, విండోస్‌లో సెమీకోలన్‌తో విడిపోతుంది. విండోస్‌లో సీ: అని డ్రైవు పేరులోనే కోలన్ ఉండటం అక్కడ అడ్డం. యూనిక్స్‌లో కోలన్ ఉన్న డైరెక్టరీని పాత్‌లో చేర్చడానికి దారే లేదు, ఎస్కేప్ కూడా లేదు. పేరు=విలువ జతలు తీసుకునే టూల్ అయితే మాత్రం మొదటి ఈక్వల్స్ దగ్గర ఒక్కసారే కోయండి. బేస్64 టోకెన్ల చివర తరచూ ఈక్వల్స్ గుర్తులుంటాయి. అన్నిచోట్లా కోసే కోడ్ ఆ తోకను కత్తిరించి పారేస్తుంది, తర్వాత మీరు పాస్‌వర్డ్ తప్పనుకుని దాని వెంట పడతారు.

ఇక జాబితా ఇరవై ముప్పై దాటిందా, కమాండ్ లైన్ వదిలేయండి. ఫైలు నుంచో, స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచో లైనుకొకటి చొప్పున చదివించండి. కమాండ్ లైనుకి కొలతలున్నాయి: విండోస్‌లో కొత్త ప్రోగ్రాముని పుట్టించే క్రియేట్‌ప్రాసెస్‌కి 32,767 అక్షరాలు, విండోస్ కమాండ్ ప్రాంప్టు సీఎండీలో అయితే 8,191. మామూలు లినక్స్‌లో ఒక్క ఆర్గ్యుమెంటు 1,31,072 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు, దాని మీది ఒక్కో గుణింతపు గుర్తుకి ఇంకో మూడు బైట్లు అవుతాయి కాబట్టి ఇంగ్లీషు పేర్లతో వేసిన లెక్క మనకు సరిపోదు. ఏరియా పేర్లలో కొత్త లైను రాదు, అందుకని లైనుకొకటి చాలు. ఫైలు పేర్లయితే వాటిలో కొత్త లైను కూడా ఉండొచ్చు. యూనిక్స్‌లో ఫైలు పేరులో నిషేధం రెండిటికే, స్లాష్‌కీ నల్ బైటుకీ. అక్కడ ఫైళ్ళు వెతికే ఫైండ్‌కి -ప్రింట్0, వాటిని ఇంకో కమాండ్‌కి అందించే ఎక్సార్గ్స్‌కి -0 ఇచ్చి నల్‌తో విడదీయడమే అసలైన దారి. ఎన్నో ఏళ్ళుగా అందరూ వాడుతున్న ఈ రెండూ చివరికి 2024లో పోసిక్స్ ప్రమాణంలోకి ఎక్కాయి.

ఆప్షన్‌కీ విలువకీ మధ్య: ఖాళీయా, ఈక్వల్సా?

--ఏరియా మధురవాడ అని రాయాలా, --ఏరియా=మధురవాడ అని రాయాలా? మంచి లైబ్రరీ ఏదైనా రెండూ ఒప్పుకుంటుంది. మీరు సొంతంగా పార్సర్ రాసుకుంటుంటే, ముందు అది మానేయండి. తప్పదంటే రెండూ ఒప్పుకునేలా రాయండి.

స్క్రిప్టులో మాత్రం ఈక్వల్స్ వాడమంటాను. కారణం ఒక ఉదాహరణతో. ఇక్కడ రొయ్యల ఎగుమతి వ్యాపారం పెద్దది. గడ్డకట్టించిన రొయ్యని మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలవ చేస్తారు. మేం రాసిన ఇంకో టూల్‌కి కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత ఇవ్వాలి.

నిలవ --ఉష్ణోగ్రత -18

ఇక్కడ -18 విలువా, ఇంకో ఆప్షనా? సీ భాషలో వాడే గెట్‌ఆప్ట్ వాదన పెట్టుకోదు. విలువ తప్పనిసరి అని మీరు చెప్పి ఉంటే పక్కనున్నది ఏదైనా తీసేసుకుంటుంది. ఆర్గ్‌పార్స్ మాత్రం ఊహిస్తుంది. ముక్క నెగెటివ్ సంఖ్యలా కనిపించి, మీ టూల్‌లో అంకెల పేర్లతో ఆప్షన్లేవీ లేకపోతే విలువగా ఒప్పుకుంటుంది. "-18సి" అని కొడితే అది సంఖ్య కాదు కాబట్టి ఆప్షన్ అనుకుని, "విలువ ఇవ్వలేదు" అని ఎర్రర్ కొడుతుంది. తమాషా ఏమిటంటే "-18 డిగ్రీలు" అని కోట్స్‌లో మధ్యన ఖాళీతో ఇస్తే ఊరుకుంటుంది, ఎందుకంటే ఖాళీ ఉన్న ముక్క ఆప్షన్ అయ్యుండదని దాని లెక్క. మొత్తం వ్యాసంలో ఖాళీ మనకు సాయం చేసిన చోటు ఇదొక్కటే. ఈ ఊహాగానాలన్నీ ఎందుకు, --ఉష్ణోగ్రత=-18సి అని రాస్తే అనుమానానికే తావు లేదు.

విలువ ఇచ్చినా ఇవ్వకపోయినా పర్లేదు అనే రకం ఆప్షన్లకు ఈక్వల్స్ తప్పనిసరి. గ్రెప్‌లో రంగు ఆప్షన్ అలాంటిదే. ఖాళీ వదిలి పక్కన రాస్తే దాన్ని విలువగా కాక వేరే ఆర్గ్యుమెంటుగా తీసుకుంటుంది. గో భాష ఫ్లాగ్ ప్యాకేజీలో అవును-కాదు ఆప్షన్లూ అంతే, కాదు అని చెప్పాలంటే ఈక్వల్స్‌తోనే చెప్పాలి. పైగా అది మొదటి మామూలు ఆర్గ్యుమెంటు తగలగానే ఆప్షన్లు వెతకడం ఆపేస్తుంది. పైథాన్ నుంచి గోకి మారినవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే.

ఈక్వల్స్‌కి ఒక లోపం ఉంది, చెప్పకుండా దాటేస్తే తప్పవుతుంది. బ్యాష్‌లో హోం ఫోల్డరుకి వాడే ~ గుర్తు ముక్క మొదట్లో ఉంటే విప్పుకుంటుంది, --అవుట్‌పుట్=~/షీట్లు లాంటి చోట విప్పుకోదు. అప్పుడు ~ అనే పేరుతోనే ఫోల్డరు పుడుతుంది. దాన్ని తీసేద్దామని తొందరలో ఫోల్డర్లను తుడిచే ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ పక్కన ఉత్త ~ కొట్టారంటే పోయేది మీ హోం ఫోల్డరు మొత్తం. ఆ చోట $హోం అని రాసి జంట కోట్స్‌లో పెట్టండి.

ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయని చెప్పే జంట డ్యాష్‌ని కూడా మీ టూల్ గౌరవించాలి. ఉత్త -- తర్వాత వచ్చేది డ్యాష్‌తో మొదలైనా మామూలు ఆర్గ్యుమెంటే. లైబ్రరీ వాడితే ఉచితంగా వస్తుంది.

ఒక టూల్ ఇంకో టూల్‌ని పిలిచేటప్పుడు

ఇక్కడ ఎంపిక రెండే: మొత్తం కమాండ్‌ని ఒక స్ట్రింగ్‌గా అతికి షెల్‌కి ఇవ్వడమా, ఆర్గ్యుమెంట్ల జాబితాగా ఇవ్వడమా. నా మాట జాబితాయే, మినహాయింపులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. పైథాన్ సబ్‌ప్రాసెస్‌కి జాబితా ఇస్తే షెల్ మధ్యలోకి రాదు. డాకర్‌ఫైల్‌లో చదరపు బ్రాకెట్లతో రాసే ఎగ్జెక్ రూపమూ అదే. బ్రాకెట్లు లేకుండా రాస్తే షెల్ చేతిలో పెట్టినట్టు. స్ట్రింగే కావలసి వచ్చిందా, ష్లెక్స్ మాడ్యూల్‌లో కోట్ ఫంక్షన్ ఉంది, అదీ యూనిక్స్ షెల్‌లకే. కోట్ గుర్తుల్ని చేత్తో అతికించే పని పెట్టుకోకండి. పేరులో ఒక అపాస్ట్రఫీ ఉన్న కస్టమరు వచ్చేదాకే అది నడుస్తుంది.

ఇంకో మెషీన్లో కమాండ్లు నడిపే ఎస్‌ఎస్‌హెచ్ దగ్గర మాత్రం జాగ్రత్త. మీరు జాబితాగా ఇచ్చినా అది అన్నింటినీ ఖాళీలతో కలిపి అవతలి మెషీన్లో షెల్‌కి ఇస్తుంది. అక్కడ ఇంకోసారి కోత. కోట్స్ ఇక్కడ ఒకసారి, అక్కడికి ఒకసారి, రెండు పొరలు కావాలి. మేం ఆ గొడవ పడలేక ఏరియాల జాబితాను ఇన్‌పుట్‌గా పంపిస్తున్నాం.

ఒక్క ఖాళీ ఎంత చేయగలదో చెప్పడానికి బంబుల్‌బీ కథ చాలు. లినక్స్ ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కార్డుల కోసం రాసిన ప్రాజెక్టు అది. 2011లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో /యూఎస్‌ఆర్ తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడింది. తీసేయాల్సింది లోపలెక్కడో ఉన్న ఒక చిన్న డైరెక్టరీ. ఆ ఖాళీ వల్ల ఒక దారి రెండు దారులయి, ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ మొత్తం /యూఎస్‌ఆర్‌ని తుడిచేసింది. అందులో కోట్స్ మరచిపోవడం కూడా లేదు, వేలు తగిలి పడ్డ ఖాళీయే.

విండోస్ వేరే లోకం

పైన చెప్పిన "షెల్ కోస్తుంది, ప్రోగ్రాము జాబితా అందుకుంటుంది" అన్నది విండోస్‌లో నిజం కాదు. అక్కడ కొత్త ప్రోగ్రాముకి వెళ్ళేది ఒకే పొడుగు స్ట్రింగ్. కోసుకునే పని ఆ ప్రోగ్రాముదే. ఎక్కువ ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ రన్‌టైం నియమాలే పాటిస్తాయి గానీ పాటించాలని నిర్బంధం లేదు.

ఆ నియమాల్లో అందరినీ కరిచేది ఒకటుంది. కోట్ గుర్తుకి సరిగ్గా ముందు ఒకే బ్యాక్‌స్లాష్ ఉంటే ఆ కోట్ ముగింపు కాదు, అక్షరం. అంటే

షీట్లు --అవుట్‌పుట్ "డీ:\డెలివరీ షీట్లు\" --ఏరియా భీమిలి

అని రాస్తే చివరి కోట్ మూతపడదు. అవుట్‌పుట్ ఫోల్డరు పేరులోకి --ఏరియా భీమిలి కూడా దూరిపోతుంది. ఎక్స్‌ప్లోరరు నుంచి దారి కాపీ చేసి చివర స్లాష్ కలిపే అలవాటున్నవాళ్ళు వారానికొకసారైనా ఇందులో పడతారు. చివరి బ్యాక్‌స్లాష్ తీసేయడమో, రెండు పెట్టడమో చేయాలి. సీఎండీకి ఒంటి కోట్స్ అంటే ఏమీ కాదు. లినక్స్ గైడ్ చూసి కాపీ చేసిన కమాండ్ అక్కడ ముక్కలవుతుంది.

ఈక్వల్స్ వాడమని ఇందాక గట్టిగా చెప్పానా, బ్యాచ్ ఫైలు దగ్గర ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బ్యాచ్ ఫైలుకి ఇచ్చే ఆర్గ్యుమెంట్లను సీఎండీ స్పేసు, ట్యాబుతో పాటు కామా, సెమీకోలన్, ఈక్వల్స్ దగ్గర కూడా కోస్తుంది. --ఏరియా=భీమిలి అని ఇస్తే %1లో --ఏరియా, %2లో భీమిలి ఉంటాయి. మీ టూల్ ముందు బ్యాచ్ ఫైలు తొడుగు ఉంటే, విడివిడిగా %1 %2 అని కాక %* అని మొత్తాన్ని ఉన్నదున్నట్టు ముందుకు పంపండి. అప్పుడు ఈక్వల్స్ బతుకుతుంది.

కంటికి ఆనని గుర్తులు

మన భాషలో పనిచేసే టూళ్ళకి ఇదే అసలు తలనొప్పి. ఇంగ్లీషు గైడ్లలో ఇది దొరకదు.

ఎన్‌ఏడీ జంక్షన్ పేరు తీసుకోండి. కొందరి కీబోర్డు "ఎన్" తర్వాత ఒక కనిపించని గుర్తు పెడుతుంది: జీరో విడ్త్ నాన్ జాయినర్, యూ+200సి. కొందరిది పెట్టదు. ఆ తర్వాత వచ్చేది "ఏ" అనే అచ్చు కాబట్టి గుర్తు ఉన్నా లేకపోయినా తెరమీద పేరు ఒకేలా కనిపిస్తుంది. టూల్‌కి మాత్రం అవి రెండు వేరు వేరు పేర్లు. మా డేటాబేసులో ఎన్‌ఏడీకి రెండు రికార్డులు పక్కపక్కనే కూర్చున్నాయి, ఏది అసలో చూసి చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఈ గుర్తు ఖాళీ కోవలోకి రాదు. పైథాన్ స్ట్రిప్, స్ప్లిట్ దాన్ని తాకవు. ఉన్నపళంగా అంతటా తీసేయడమూ కుదరదు, ఎందుకంటే "ఆర్‌కే బీచ్"లో అది లేకపోతే "ఆర్కే బీచ్" అయిపోతుంది. పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా తీసేసి పోల్చుతున్నాం, నిలవ చేసేటప్పుడు ముట్టుకోవడం లేదు.

దీనికి తిరగేసిన కేసు నాన్ బ్రేకింగ్ స్పేస్, యూ+00ఏ0. వర్డ్ ఫైలు నుంచో, బ్రౌజరు నుంచో కాపీ చేస్తే వస్తుంది. కంటికి ఖాళీయే. బ్యాష్‌కి అది ఖాళీ కాదు, మామూలు అక్షరం, కాబట్టి అక్కడ కోయదు. పైథాన్ స్ప్లిట్‌కి ఏ గుర్తూ చెప్పకపోతే అది ఖాళీయే, కోస్తుంది. ఒకే లైను ఒకచోట రెండు ముక్కలు, ఇంకోచోట ఒకటే ముక్క.

కమాండ్లను ఫోన్లో మెసేజీగా పంపుకోవడం కూడా మా దగ్గర మామూలే. ఐఫోన్‌లో స్మార్ట్ పంక్చువేషన్ ఆన్‌లో ఉంటే తిన్నని కోట్స్ వంకర కోట్స్ అవుతాయి, రెండు డ్యాష్‌లు కలిసి ఒక పొడుగు గీతవుతాయి. షెల్‌కి వంకర కోట్ ఉత్త అక్షరమే, అందుకని "పాత గాజువాక" మళ్ళీ రెండు ముక్కలు, ఈసారి మొదటిదానికి ముందు, రెండోదానికి వెనక వంకర కోట్లు అంటుకుని. టెక్స్ట్ ఫైలుగా పంపుకోండి.

ఇప్పుడు మా టూల్

--ఏరియాని ఎన్నిసార్లయినా ఇవ్వొచ్చు. --కాలమ్‌లు కామాతో తీసుకుంటుంది, అవి మేం పెట్టిన పేర్లే గనుక. పెద్ద జాబితాకి --ఏరియా-ఫైలు ఉంది, లైనుకొకటి. పేరు డేటాబేసులో అచ్చంగా లేకపోతే ఆ క్షణమే ఆగి ఏ పేరో చూపిస్తుంది, ఎక్కడుంటే అక్కడ పట్టుకునే వెతుకులాట తీసేశాను. ఈ ఆఖరిది ముందే ఉండి ఉంటే రెండు వ్యాన్లు ఒకే జాబితాతో కదిలేవి కావు, కోట్స్ ఉన్నా లేకపోయినా.

పరీక్షకి ఒక చిన్న ఫైలు పెట్టుకున్నాం. అందులో పాత గాజువాక, 1,25,000, -18సి, రెండు హైఫన్లూ ఒక స్లాషూ ఉన్న డోర్ నంబరు, ఎన్‌ఏడీ రెండు రకాలుగా, లోపల అపాస్ట్రఫీ ఉన్న పేరు, ఉత్త ఖాళీ స్ట్రింగు ఉన్నాయి. అన్నీ లినక్స్‌లో పాసయ్యాయి. క్లయింటు మెషీన్లో మాత్రం ఆ ఆఖరిది ఒక్కటీ తన్నింది. వాళ్ళది విండోస్ పవర్‌షెల్ 5.1, బయటి ప్రోగ్రాముకి ఖాళీ స్ట్రింగు ఇస్తే అది ఆ ఆర్గ్యుమెంటునే మాయం చేస్తుంది. పవర్‌షెల్ 7.3 నుంచి ఆ పద్ధతి మార్చారు గానీ, వాళ్ళ మెషీన్లో కొత్తది వేయించడం మన చేతిలో లేదు. ఫోన్ నంబరు లేని కస్టమరుకి --ఫోన్ పక్కన రెండు ఖాళీ కోట్స్ ఇస్తుంటే, ఆ కోట్స్ ఎగిరిపోయి, వెనకున్న --ఏరియా ముందుకొచ్చి --ఫోన్ పక్కన నిలబడేది, టూల్ "విలువ ఇవ్వలేదు" అని ఎర్రర్ కొట్టేది. మా శ్రీకాకుళం కుర్రాడే దాన్ని పట్టాడు. ఇప్పుడు స్క్రిప్టులో --ఫోన్= అని పక్కన ఏమీ లేకుండా వదిలేస్తున్నాం. ముక్కలో ఆ కొన్ని అక్షరాలైనా ఉన్నాయి కాబట్టి పవర్‌షెల్ దాని జోలికి రావడం లేదు.